హైవే మీద స్పోర్ట్స్ కారు కనిపిస్తే ఏది అసలుదో, ఏది అతికించిందో ఎలా పోల్చుకోవాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్తే. మడపాం టోల్‌ప్లాజా దగ్గర ఒక పసుప్పచ్చ కారు వైజాగ్ వైపు వెళ్తూ కనిపించింది. ఫొటో లేదు, గుర్తున్నంత రాస్తున్నా. రెండే డోర్లు. పక్క లైన్లో స్విఫ్ట్ ఉంది, దాని టాప్ కంటే ఈ కారు టాప్ జానెడు కిందికుంది. సైలెన్సర్ గొట్టాలు రెండూ బంపర్ నట్టనడుమ పక్కపక్కనే, గుండ్రంగా ఉన్నాయి. నంబరు పీవైతో మొదలైంది. టోల్ దాటి కొంచెం ముందుకెళ్లగానే వెనక రెక్కలాంటిది పైకి లేచింది. లోగో చూసేలోపే వెళ్లిపోయింది.

అడగాలనుకున్నవి మూడు. అది ఏ కారు? పెళ్లి ఊరేగింపులకి అద్దెకిచ్చే ఫైబర్ బాడీ బళ్లు కూడా ఉంటాయి కదా, అలాంటిది కాదని ఎలా చెప్పగలం? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటివి చూడాలంటే ఎక్కడ, ఏ వేళప్పుడు నిలబడాలి? "వైజాగ్ బీచ్ రోడ్డుకి పో" అనే సమాధానం నాకూ తెలుసు, అది వద్దు.


వంశధార_వీ8 (నరసన్నపేట)

మొదటి ప్రశ్నకి నేను చెప్తా. నువ్విచ్చిన గుర్తుల్లో పనికొచ్చేవి రెండే: ఎత్తు, గొట్టాల చోటు. రంగు, రెక్క పక్కన పెట్టెయ్.

బంపర్ నడుమ జంట గొట్టాలు మన దేశంలో అమ్మిన వాటిలో ప్రధానంగా మూడింటికి ఉంటాయి. పోర్షే బాక్‌స్టర్ ఎస్ లేదా కేమన్ ఎస్, జాగ్వార్ ఎఫ్-టైప్ వీ6 (ఆరు సిలిండర్ల ఇంజిన్), మినీ కూపర్ ఎస్. మినీ ఎత్తు 1.4 మీటర్లు దాటుతుంది, స్విఫ్ట్ పక్కన జానెడు తేడా రాదు. కేమన్ ఎత్తు సుమారు 1.29 మీటర్లు, ఎఫ్-టైప్ 1.31. స్విఫ్ట్ 1.52. నీ జానెడు లెక్క ఈ రెండింటికీ సరిపోయింది.

ఇక ఈ రెండింటినీ విడదీయాలంటే పక్క నుంచి చూడాలి. ఎఫ్-టైప్ ఇంజిన్ ముందు ఉంటుంది. బానెట్ బాగా పొడుగు, డ్రైవర్ దాదాపు వెనక చక్రాల దగ్గరికి జరిగి కూర్చున్నట్టు కనిపిస్తాడు. గాలి బయటికి పోయే చీలిక ముందు చక్రం వెనక, ఫెండర్ మీద ఉంటుంది. కేమన్ ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. అందుకే గాలి పీల్చే రంధ్రం డోరు దాటాక, వెనక చక్రానికి ముందు పెట్టారు. పోర్షేలోనే 911కి ఆ చోట ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. 911 టర్బో, జీటీ3 ఆర్ఎస్ లాంటి వాటికి మాత్రం వెనక ఫెండర్ మీదే రంధ్రం కోసి ఉంటుంది. నీకు ఆ రంధ్రం ఎక్కడ కనిపించింది? అది చెప్తే తేలిపోతుంది.

రెక్క సంగతి ఎందుకు వద్దన్నానంటే, కేమన్ స్పాయిలర్ తనంతట తాను లేచేది వేగం 120 కిలోమీటర్లు దాటాక, దిగేది 80కి తగ్గాక. టోల్ దాటిన వెంటనే లేచిందంటే డ్రైవర్ బటన్ నొక్కాడు. ఎఫ్-టైప్‌కీ ఆ బటన్ ఉంది. దానివల్ల ఏదీ తేలదు.

గొట్టాల లెక్క మిగతా కార్లకీ పనికొస్తుంది కాబట్టి రాసేస్తున్నా. ఎఫ్-టైప్‌లో నాలుగు సిలిండర్లదైతే నడుమ ఒకే వెడల్పాటి గొట్టం, వీ6కి నడుమ రెండు, వీ8కి రెండు చివర్లా రెండేసి. లంబోర్గిని హురకాన్ 2014లో వచ్చినప్పుడు నాలుగు గొట్టాలు బంపర్ కింది అంచులో ఉండేవి. తర్వాత వచ్చిన పెర్ఫార్మాంటే, 2019 నాటి ఎవోలలో రెండే గొట్టాలు, అవి నంబర్ ప్లేటు ఎత్తుకి ఎక్కాయి. ఆడి ఆర్8 మొదటి తరం తొలి కార్లలో వీ8కి నాలుగు గుండ్రటి గొట్టాలు, వీ10కి రెండు పెద్ద కోడిగుడ్డు ఆకారం గొట్టాలు. బీఎండబ్ల్యూలో ఎం2, ఎం3, ఎం4లకి నాలుగు గుండ్రటివి ఉంటాయి, ఎం340ఐకి రెండే. ఎం బ్యాడ్జి ఆన్‌లైన్లో కొనుక్కుని ఎవరైనా అంటించొచ్చు, నాలుగు గొట్టాలు పెట్టించడం అంత సులువు కాదు. మెర్సిడెస్‌లో ఏఎంజీ లైన్ అనే మామూలు కార్లకి బంపర్‌లో క్రోమ్ చట్రం మాత్రమే గొట్టంలా కనిపిస్తుంది. లోపల మూసేసి ఉంటుంది, అసలు గొట్టం కింద ఎక్కడో దాక్కుంటుంది. అసలు ఏఎంజీ 43 అయితే ఎక్కువగా నాలుగు గుండ్రటివి, 63 అయితే నాలుగు పలకలవి, లోపల చీకటిగా బోలుగా కనిపిస్తాయి.

911 కనిపిస్తే వెనక లైటు చూడు. 2019 నుంచి వచ్చిన 992 అనే తరంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎర్ర గీత వెలుగుతుంది, డోరు హ్యాండిళ్లు బాడీలో కలిసిపోయి ఉంటాయి. దాని ముందు తరం 991లో టూ వీల్ డ్రైవ్‌వాటికి లైట్లు విడివిడిగా ఉంటాయి, ఫోర్ వీల్ డ్రైవ్‌వాటికి నడుమ సన్నటి పట్టీ ఉంటుంది.


నాగావళి_గట్టు

అన్నా, రంధ్రం డోరు వెనకే. చిన్నది, నిలువుగా ఉంది. బానెట్ పొడుగేమీ కాదు. వెనక లైట్ల నడుమ నల్లటి పట్టీ, దాని మీద అక్షరాలు ఉన్నట్టు గుర్తు.


వంశధార_వీ8

అయితే పోర్షే 718, అంటే 2016 తర్వాతది. ఆ నల్ల పట్టీ మీద పోర్షే అని రాసి ఉంటుంది. అంతకు ముందు తరం 981లో పట్టీ ఉండదు, స్పాయిలర్ అంచు రెండు లైట్లలోకీ పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. గట్టి టాప్ అయితే కేమన్, గుడ్డ టాప్ అయితే బాక్‌స్టర్. జంట గొట్టాలున్నాయి కాబట్టి చాలావరకు ఎస్. మామూలు 718కి నడుమ ఒకటే వెడల్పు గొట్టం.


కోట_జంక్షన్ (విజయనగరం)

రెండో ప్రశ్న నాది. కదిలే కారుకి ఒక పద్ధతి, ఆగిన కారుకి ఇంకో పద్ధతి.

కదిలేటప్పుడు చూడాల్సింది ముందు చక్రానికీ డోరుకీ మధ్య దూరం, చక్రం ఎంత బయటికుందో. ఫైబర్ బాడీ బళ్లు ఎక్కువగా పాత సెడాన్ మీద కడతారు. సెడాన్ ఇంజిన్ ముందు ఉంటుంది కాబట్టి ముందు చక్రానికీ డోరు అంచుకీ మధ్య ఖాళీ పెద్దది. హురకాన్‌లో ఇంజిన్ వెనకుంది, డ్రైవర్ పాదాలు దాదాపు ముందు చక్రాల నడుమే, డోరు చక్రాన్ని ఆనుకుని మొదలవుతుంది. ఫైబర్‌తో బానెట్ ఎంత వంచినా ఈ దూరం మారదు, ఛాసిస్ కొయ్యాలి.

వెడల్పు కూడా పట్టిచ్చేస్తుంది. హురకాన్ వెడల్పు 1.92 మీటర్లు, మామూలు సెడాన్ 1.75 చుట్టుపక్కల. బాడీని వెడల్పు చేస్తారు గానీ యాక్సిల్ అంతే ఉంటుంది. వెనక నుంచి చూస్తే టైర్లు ఫెండర్ లోపలికి నాలుగు వేళ్లు దిగబడి ఉంటాయి. కొందరు స్పేసర్లు (చక్రం వెనక పెట్టే మందపాటి బిళ్లలు) వేసి బయటికి తోస్తారు. అప్పుడు టైరు సన్నగా, రిమ్ము మీద సాగదీసినట్టు కనిపిస్తుంది. అసలు హురకాన్‌కి ముందు 245, వెనక 305 మిల్లీమీటర్ల టైర్లు, 20 అంగుళాల రిమ్ములు. ముందూ వెనకా ఒకే వెడల్పు టైర్లుంటే అనుమానించు.

ఎండలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడి ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చూడొచ్చు. ఇంజిన్ వెనకున్న కారుకి వెనక స్లాట్ల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. అతుకు బండికి బానెట్ సందుల్లోంచి వస్తుంది.

ఆగిన కారైతే ఇంకా సులువు, ముట్టుకోకుండా రెండడుగుల దూరం నుంచే మూడు చూడొచ్చు.

ఒకటి టైరు పక్క గోడ. కంపెనీలు తమ కార్లకి ప్రత్యేకంగా ఒప్పుకున్న టైర్ల మీద చిన్న గుర్తు అచ్చేయిస్తాయి. పోర్షేకి ఎన్0, ఎన్1 ఇలా అంకెతో. బీఎండబ్ల్యూకి నక్షత్రం. మెర్సిడెస్‌కి ఎంఓ. ఆడికి ఏఓ లేదా ఆర్ఓ. లంబోర్గినికి ఎల్. ఫెరారీకి కే1 లాంటిది. జాగ్వార్‌కి జే, మెక్‌లారెన్‌కి ఎంసీ. సైజు రాసిన చోటికి దగ్గర్లోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కనిపించకపోతే కారు నకిలీ అనడానికి లేదు, ఓనరు తర్వాత వేరే టైర్లు వేయించి ఉండొచ్చు. కనిపిస్తే మాత్రం చాలావరకు నమ్మొచ్చు. అతుకు బండికి ఆ సైజులో ఆ గుర్తున్న టైరు ఎక్కించాలంటే నాలుగింటికీ లక్షలవుతుంది, ఎవరూ చెయ్యరు.

రెండు, బ్రేక్ డిస్క్. మన తీరం గాలికి ఇది బాగా పనిచేస్తుంది. ఇనుప డిస్క్ అయితే రాత్రి వానలోనో, మంచులోనో నిలబెట్టిన కారుకి తెల్లారేసరికి నారింజ రంగు తుప్పు పొర వచ్చేస్తుంది. నాలుగు బ్రేకులు కొడితే పోతుంది. కార్బన్ సిరామిక్ డిస్క్‌కి తుప్పే రాదు. బూడిద రంగులో, మెరుపు లేకుండా, దగ్గరికెళ్తే నార ముక్కలు అతికినట్టు మచ్చలు కనిపిస్తాయి. పోర్షేలో సిరామిక్ బ్రేకులకి పసుపు కాలిపర్ (డిస్క్‌ని పట్టి ఆపే భాగం), ఎస్ మోడళ్ల ఇనుప బ్రేకులకి ఎరుపు, హైబ్రిడ్‌లకి పచ్చిమిర్చి రంగు. కాలిపర్‌కి రంగు వేయించడం ఏ షెడ్డులోనైనా అయిపోతుంది, అందుకే కాలిపర్ చూసి ఆగిపోకు, డిస్క్ కూడా చూడు. పసుపు కాలిపర్, తుప్పు పట్టిన డిస్క్ కలిసి ఉంటే అది పెయింటే.

మూడు, ఛాసిస్ నంబర్. చాలా విదేశీ కార్లకి ముందు అద్దం కింది మూలలో, డ్యాష్‌బోర్డు మీద, బయటి నుంచే చదవగలిగేలా ఉంటుంది. మొదటి మూడక్షరాలు చాలు. డబ్ల్యూపీ0 అంటే పోర్షే కారు, డబ్ల్యూపీ1 అంటే పోర్షే ఎస్‌యూవీ. జెడ్‌ఎఫ్ఎఫ్ ఫెరారీ. జెడ్‌హెచ్‌డబ్ల్యూ లంబోర్గిని. డబ్ల్యూబీఎస్ బీఎండబ్ల్యూ ఎం విభాగం. డబ్ల్యూయూఏ ఆడి ఆర్8, ఆర్ఎస్ కార్లు. ఎస్‌బీఎం మెక్‌లారెన్, ఎస్‌సీఎఫ్ ఆస్టన్ మార్టిన్, జెడ్‌ఏఎం మసెరాటి. పూర్తి నంబరు ఫొటో తీసి ఎక్కడా పెట్టొద్దు.

అన్నిటికన్నా తేలిక మార్గం వాహన్, అంటే బళ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్. పరివాహన్ సైటులోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యి బండి నంబరు కొడితే తయారీదారు, మోడల్, ఇంధనం, రిజిస్ట్రేషన్ తేదీ, ఏ ఆర్టీఓ అన్నీ వస్తాయి. ఓనరు పేరు చుక్కలు పెట్టి దాచేస్తారు, మనకది అక్కర్లేదు కూడా. బాడీ లంబోర్గినిలా ఉండి మోడల్ గడిలో సెడాన్ పేరుంటే ఇక వాదన ఉండదు.


టైమింగ్_బెల్ట్ (బొబ్బిలి)

ఇంత రాసి శబ్దం సంగతి ఎవరూ ఎత్తలేదు. మంచిదే. చాలామంది మొదట చెప్పేది అదే, నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సింది కూడా అదే.

శబ్దం తేడా ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే చాలు. ఫోర్డ్ మస్టాంగ్ 5.0 వీ8లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మెలికలు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లు సమానమైన వ్యవధిలో పేలవు, అందుకే ఆ గుడగుడ. ఫెరారీ 458, 488లలో క్రాంక్ 180 డిగ్రీలు, చదునుగా ఉంటుంది. పేలుడు ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి సమానంగా వస్తుంది, గుడగుడ ఉండదు, కీచుమని సన్నగా పైకి పోతుంది. హురకాన్, ఆర్8 వీ10 ఇంజిన్లు టర్బో లేకుండా 8,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరుగుతాయి, గేరు మార్చకుండా అదే స్వరం సాగిపోతే అవే. 718 మామూలు, ఎస్ మోడళ్లలో నాలుగు సిలిండర్ల బాక్సర్ (సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే) టర్బో. గరగరమని మోటుగా ఉంటుంది, పోర్షే అభిమానులు కూడా దాన్ని తిట్టుకుంటారు.

కానీ హైవే మీద 80లో, పై గేరులో పోతుంటే ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం లోపే ఉంటుంది. ఎగ్జాస్ట్‌లో వాల్వులు మూసుకుని ఉంటాయి. అసలు 911 నీ పక్క నుంచి పోతే టైర్ల చప్పుడే వినిపిస్తుంది. మరోపక్క ఐ20కో పోలోకో మఫ్లర్ తీసేసి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూన్ చేయించి, యాక్సిలరేటర్ వదలగానే టపటపలాడేలా పెట్టించుకుంటున్నారు. చప్పుడు విని తల తిప్పితే పదింట్లో తొమ్మిది అవే.


గన్నేరు_నీడ (పూసపాటిరేగ)

ఏటి తమ్ముడూ, మూడో ప్రశ్న అందరూ ఒగ్గేసినారు. హైవే పక్కనోళ్లం, నేను సెప్తాను.

ముందు దిక్కు సూసుకోవాల. మన ఎన్‌హెచ్-16 ఇచ్ఛాపురం నుంచి వైజాగ్ దాకా ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటాది. సముద్రం తూర్పు పక్క. వైజాగ్ పోయే లైన్లు సముద్రం పక్కనుంటాయి, ఒడిశా పోయే లైన్లు కొండల పక్కన. మధ్యలో గన్నేరు మొక్కలు. హురకాన్ ఎత్తు 1.17 మీటర్లు, 911 ఎత్తు 1.3. మొక్కలు నడుం దాటి పెరిగిన చోట అవతలి లైన్లో పోయే పొట్టి కారు కానేకాదు, టాప్ ఒక్కటి జారిపోతున్నట్టు కనిపిస్తాది. అంచేత ఏ పక్క నిలబడితే ఆ పక్క బళ్లే దక్కుతాయి.

పొద్దున్న సముద్రం పక్క సర్వీస్ రోడ్డులో ఉంటే ఎండ వీపు మీదుంటాది, వైజాగ్ పోయే కార్లు వెలుగులో కనిపిస్తాయి. సాయంత్రం కొండల పక్కకి మారిపో, ఒడిశా పోయేవి దక్కుతాయి. రెండు పక్కలవీ గావాలంటే కాలినడక వంతెన ఉన్న ఊరు సూసుకో, పైనుంచి మొక్కలు అడ్డం రావు. హైవే అంచున తెల్ల గీత లోపల మాత్రం నిలబడకు, బండీ ఆపకు. లారీ గాలికే మనిషి తూలిపోతాడు.

వేళ లెక్క ఇలగ కట్టుకో. వైజాగ్‌లో తెల్లారి 5:30కి బయల్దేరినోడు శ్రీకాకుళం బైపాస్ మీదకి ఏడుంబావు, ఏడున్నరకి వస్తాడు. భువనేశ్వర్‌లో 5కి బయల్దేరినోడు ఇచ్ఛాపురం ఎనిమిది, ఎనిమిదిన్నరకి దాటుతాడు, శ్రీకాకుళం పది, పదిన్నర. ఆదివారం వైజాగ్ నుంచి సరదాగా పొద్దున్నే డ్రైవ్‌కొచ్చేవోళ్లు భోగాపురం చుట్టుపక్కల దాకా వచ్చి తిరిగిపోతారు. నాతవలస టోల్ కట్టి ఇవతలికి రావడం తక్కువ. అంచేత వాళ్ల కోసం అయితే నాతవలసకి అవతల, వైజాగ్ పక్కే ఉండాల. విజయనగరం రోడ్డు చీలేది కూడా అక్కడే.

సంక్రాంతి ముందు మూడు రోజులూ, అయిపోయాక రెండు రోజులూ మంచి కాలం. అరసవిల్లి రథసప్తమికి కార్లు వస్తాయి గానీ ఆ రద్దీలో పొట్టి కారు తెచ్చేవోడుండడు. జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు. నీళ్లు నిలిచిన రోడ్డు మీదకి కోట్ల కారు ఎవడు దించుతాడు.

బంకులు కూడా సూసుకో. ఈ కార్లకి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు గావాల. ఎక్స్‌పీ95, స్పీడ్ 97, పవర్ 95 లాంటివి ఉన్న బంకు ఎక్కడుందో ముందే ఫోన్లో సూసుకుని ఆగుతారు. అలాంటి బంకు ఎదురుగా ఉన్న టీ కొట్టు టోల్‌ప్లాజా కన్నా మేలు. కారు పది నిమిషాలు ఆగుతాది, అడిగితే ఓనరు కూడా మాట్లాడతాడు.

ఊళ్లలోకి రావు ఎందుకంటే స్పీడ్‌బ్రేకర్లు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్కన హంపు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాల. మన ఊళ్లలో ఎత్తు అంతకన్నా ఎక్కువ, వెడల్పు ఒక అడుగో అడుగున్నరో. కారు ముందు పెదవి కాదు, నడుం తగులుతాది. 911కి ముందు భాగం లేపే సదుపాయం ఉంటే 40 మిల్లీమీటర్లు లేస్తాది, 35 స్పీడు లోపే. అది ముందు పెదవిని కాస్తాది గానీ కడుపుని కాయదు. అందుకే ఒక చక్రం తర్వాత ఒక చక్రం వచ్చేలా అడ్డంగా ఎక్కిస్తారు. స్పీడ్‌బ్రేకర్ ముందు కారు ఐమూలగా తిరిగితే, బ్యాడ్జి లేకపోయినా అది పొట్టి కారే.


నంబర్_ప్లేట్ (పలాస)

పీవై నంబరు చూసి పాండిచ్చేరి నుంచి వచ్చిందనుకోకు. లైఫ్ ట్యాక్స్ కారు ధరలో శాతం కాబట్టి కోట్ల కారుకి రాష్ట్రం మారితే లక్షల్లో తేడా వస్తుంది, అందుకని అక్కడ రిజిస్టర్ చేయించేవాళ్లున్నారు. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే నంబరు మార్చుకోవాలి.

ఏపీ30 శ్రీకాకుళం, ఏపీ35 విజయనగరం పాత లెక్క. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ39 మొదలైంది, దాన్ని బట్టి జిల్లా చెప్పలేం. ఓడీ07 గంజాం, అంటే బరంపురం బండి, మనకి పక్కూరే. ఓడీ02 భువనేశ్వర్. పసుపు ప్లేటు మీద ఎర్ర అక్షరాలుంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, కొత్త కారు. ఎర్ర ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే డీలరు ట్రేడ్ నంబరు, టెస్ట్ డ్రైవో డెలివరీయో. ఫ్లాట్‌బెడ్ లారీ మీద కవరు కప్పి పోతుంటే చెడిపోయిందనుకోవద్దు, చాలామంది దూరాలకి అలాగే పంపిస్తారు. కవరు కింద రిమ్ములు కనిపిస్తాయి. మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటే సెంటర్ లాక్, అలాంటివి జీటీ3 లాంటి వాటికే ఉంటాయి.


ఐఎస్ఓ_100 (విజయనగరం)

ఫొటో గురించి రెండు ముక్కలు. ఫోన్లో ప్రో మోడ్ పెట్టి షట్టర్ 1/125, ఐఎస్ఓ 50 లేదా 100. కారుతో పాటు నడుం తిప్పుతూ వరసగా తియ్యి, వెనక చెట్లు గీతలవుతాయి, కారు నిలుస్తుంది. 1/1000 పెడితే అంతా నిలిచిపోయి కారు పార్క్ చేసినట్టుంటుంది, పైగా ఎల్ఈడీ లైట్లు సగం ఆరిపోయినట్టు వస్తాయి. ఫోకస్ కారు వచ్చాక వెతకకు. అది వెళ్లే చోట రోడ్డు మీద ముందే తాకి లాక్ చెయ్యి. తొమ్మిది దాటాక జూమ్ చెయ్యకు, తారు మీది వేడికి అక్షరాలు వణుకుతాయి. బైకు మీద వెంటపడి తియ్యడం మానెయ్, నీ పక్కనున్న లారీవాడికి నువ్వు కనిపించవు. పెట్టే ముందు నంబరు ప్లేటు చెరిపెయ్.


పాత_జెన్ (రాజాం)

అందరూ కోట్ల కార్ల చుట్టే తిరుగుతున్నారు. అరుదు అంటే ఖరీదు ఒక్కటేనా? లంబోర్గిని వైజాగ్‌లో ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. మన సందుల్లో ఎవరూ తిరిగి చూడకుండా పోయేవి వేరే ఉన్నాయి.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ. 2016 నవంబరులో వచ్చింది, మొదట దేశం మొత్తానికి 99 కార్లే కేటాయించారు. 1.8 టర్బో, 192 హార్స్‌పవర్. మామూలు పోలో జీటీ మీద జీటీఐ బ్యాడ్జి వేసుకునేవాళ్లు కొల్లలు. తేడా పట్టడం చిన్న పని: అసలు జీటీఐకి పక్క డోర్లు రెండే. మన దగ్గర మామూలు పోలోకి నాలుగు. గ్రిల్లు మీద ఎర్ర గీత ఎవరైనా వేసుకోవచ్చు, డోరు ఎవరూ తీసెయ్యలేరు.

అబార్త్ పుంటో, 2015. 1.4 టర్బో, 145 హార్స్‌పవర్. తేలు బొమ్మ స్టిక్కర్ ప్రతి పుంటో మీదా కనిపిస్తుంది, అది నమ్మకు. వెనక చక్రంలోకి చూడు. అబార్త్‌కి వెనక కూడా డిస్కే, మామూలు పుంటోకి డ్రమ్ము. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్245 ఇక్కడికి 200 తెచ్చారు, 2020లో. పాతవాటిలో శాన్ స్టార్మ్ అని 1998 నాటి రెండు సీట్ల బండి ఉంది, టాప్ తీసెయ్యొచ్చు. బాడీ ఫైబర్, ఇంజిన్ రెనో 1.2 లీటర్, 60 హార్స్‌పవర్. ఇక్కడ ఫైబర్ అంటే నకిలీ కాదు, కంపెనీయే అలా చేసింది. 2003లో మారుతి జెన్ కార్బన్, జెన్ స్టీల్ అని రెండు డోర్ల జెన్‌లు కొన్ని వందలే వదిలింది. కార్బన్ నలుపు, స్టీల్ వెండి రంగు. పాత జెన్ ఎక్కడ కనిపించినా డోర్లు లెక్కపెట్టు. ఇలాంటివి హైవే మీద కాదు, మెకానిక్ షెడ్ల ముందు, స్పేర్ పార్ట్ దొరక్క కవరు కప్పి ఉంటాయి.


నాగావళి_గట్టు

అందరికీ దండాలు. కోట జంక్షన్ అన్నా, ఒక్క సందేహం. వాహన్‌లో తయారీదారు గడిలో పోర్షే అని రాకపోతే అది నకిలీ అనుకోవాలా?


కోట_జంక్షన్

అనుకోకూడదు. తయారీదారు గడిలో కారు పేరు బదులు దాన్ని దిగుమతి చేసిన సంస్థ పేరు ఉండొచ్చు. పోర్షే, ఆడి, లంబోర్గిని మూడూ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువే కాబట్టి గ్రూపు పేరు కనిపించినా కంగారు పడకు. మోడల్ గడి చూడు, పక్కన ఇంధనం చూడు. 718 పెట్రోలే, డీజిల్ అని ఉంటే ఎక్కడో తేడా ఉంది. సీసీ చూపిస్తే ఇంకా మంచిది: మామూలు 718కి 1,988, ఎస్‌కి 2,497. ఆ స్క్రీన్‌షాట్ మాత్రం ఇక్కడ పెట్టకు.